‘టీమ్ ఫిట్’ ఇంటర్వ్యూ సర్వీసు: నల్లగొండ, పాలమూరు యాజమాన్యాలు దేనికి డబ్బు కట్టొచ్చు, దేనికి కట్టొద్దు

పోలేపల్లి సెజ్‌లోని ఫార్మా యూనిట్లకు, మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు, మహబూబ్‌నగర్, నల్లగొండ పట్టణాల్లోని ప్రైవేటు ఆసుపత్రులకు, 2023లో తెరిచిన దివిటిపల్లి, నల్లగొండ ఐటీ టవర్లలోని చిన్న కంపెనీలకు హైదరాబాద్ కన్సల్టెన్సీలు అమ్మే సర్వీసు ఒకటుంది. ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టుకున్నా ఎక్కువగా వినబడేది ‘టీమ్ ఫిట్ అసెస్‌మెంట్’. అభ్యర్థికి పని వచ్చో రాదో మీరు చూసుకోండి, అతను చేరితే మీ టీమ్ బాగుపడుతుందో చెడుతుందో మేం చెప్తాం అన్నది వాళ్ల మాట. ప్యాకేజీ దాదాపు అందరిదీ ఒకటే. రెజ్యూమెల వడపోత, ముప్పావు గంట వీడియో ఇంటర్వ్యూ, ఒక పర్సనాలిటీ టెస్ట్, పాత యాజమాన్యాలకు రెండు ఫోన్ కాల్స్, చివర మార్కులు వేసిన నాలుగైదు పేజీల రిపోర్ట్.

ఈ సమీక్ష ఏ ఒక్క సంస్థ మీదా కాదు, ఈ ప్యాకేజీ మీద. తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు తేలిక: వడపోతకు, సర్టిఫికెట్ల తనిఖీకి డబ్బు పెట్టొచ్చు. టీమ్‌లో మనిషి ఎలా మసలుకుంటాడన్న తీర్పును మాత్రం బయటివాళ్లకు అప్పజెప్పొద్దు. ఆ పని మీ దగ్గర, మీ మనుషులతోనే ఇంతకంటే బాగా జరుగుతుంది.

ముందు ఖర్చు చూద్దాం. మార్కెట్లో వాడుక రేటు ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. నెలకు రూ. 25,000 ఉద్యోగానికి ఫీజు రూ. 25,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 4,500, మొత్తం రూ. 29,500. పన్ను పడే సరుకు అమ్మే కంపెనీలు ఆ 4,500ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తెచ్చుకుంటాయి. ఆసుపత్రులకు ఆ దారి లేదు. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి క్రెడిట్ రాదు, పన్ను మొత్తం ఖర్చులోకే పోతుంది. పది మంది నర్సులను తీసుకునే ఆసుపత్రి ఈ లెక్క వేసుకోకుండా సంతకం పెట్టొద్దు.

ఫీజు ఎంత అన్నదానికంటే ఎప్పుడు కట్టాలన్నది పెద్ద విషయం. అభ్యర్థి చేరితేనే కన్సల్టెన్సీకి డబ్బు. చేరకపోతే ఆ ఇంటర్వ్యూ, ఆ రిపోర్ట్ అంతా వాళ్లకు ఉత్త పని. అలాంటప్పుడు ‘ఈ మనిషిని తీసుకోవద్దు’ అని ఎవరు రాస్తారు? అందుకే రిపోర్టుల్లో ‘మంచి టీమ్ ప్లేయర్’, ‘పాజిటివ్ యాటిట్యూడ్’, ‘ఎవరితోనైనా కలిసిపోతారు’ లాంటి మాటలే నిండి ఉంటాయి. అభ్యర్థి ఏం చెప్తే ఆ నిర్ణయానికి వచ్చారో ఒక్క వాక్యం ఉండదు. ఇంకొకటి, ఒకే సీట్లో ఏడాదిలో ముగ్గురు వచ్చి ముగ్గురూ వెళ్లిపోయారంటే లోపం ఆ సీట్లోనో, పైనున్న సూపర్‌వైజర్ దగ్గరో ఉంటుంది. నాలుగో మనిషిని ఎంత బాగా ఇంటర్వ్యూ చేసినా అక్కడ నిలవడు. ఆ సంగతి చెప్పడం కన్సల్టెన్సీకి లాభం కాదు. దాన్ని యాజమాన్యమే చూసుకోవాలి. కొత్త మనిషి కోసం ప్రకటన ఇచ్చేముందు, వెళ్లిపోయిన ఆ ముగ్గురికీ ఫోన్ చేసి కారణం అడగడం అన్నిటికంటే చవకైన పని.

ఇక ఆ వీడియో ఇంటర్వ్యూ. ఎక్కువ చోట్ల అది ఉత్త ముచ్చట. మీ గురించి చెప్పండి, మీ బలాలేంటి, బలహీనతలేంటి, టీమ్‌లో పనిచేయడం ఇష్టమేనా? ఇష్టం లేదని చెప్పినవాళ్లు ఎక్కడైనా ఉంటారా? ఈ రకం ఇంటర్వ్యూ ఎంత బలహీనమో లెక్కలున్నాయి. మనస్తత్వవేత్త పాల్ సాకెట్, ఆయన సహచరులు ఎంపిక పద్ధతుల మీద అంతవరకూ వచ్చిన అధ్యయనాలను తిరగదోడి 2022లో మళ్లీ లెక్క కట్టారు. ఇంటర్వ్యూ మార్కుకూ తర్వాత చేసిన పనికీ ఉన్న సంబంధాన్ని సున్నా నుంచి ఒకటి దాకా కొలిస్తే, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ముందే రాసుకున్న కొలతతో మార్కులిచ్చే ఇంటర్వ్యూకు 0.42 వచ్చింది. నోటికొచ్చిన ప్రశ్నలు అడిగే ఇంటర్వ్యూకు 0.19. మనుషులను అంచనా వేయడంలో ఆరితేరామని ఎవరు అనుకున్నా ఆ 0.19 దాటడం కష్టం. 0.42 కూడా భవిష్యత్తు చెప్పదు. కానీ రెంటికీ తేడా చాలా పెద్దది, పైగా ఆ తేడా తెచ్చుకోవడానికి పైసా ఖర్చు లేదు.

మన దగ్గర ముచ్చట ఇంటర్వ్యూకు ఇంకో ప్రమాదం ఉంది. ‘ఏ ఊరు మీది? ఇంటిపేరేంది? ఎవరి తరఫు?’ అని మొదలైతే, అడిగేవాళ్ల మనసులో కులం, బంధుత్వం, పార్టీ అన్నీ ఐదు నిమిషాల్లో లెక్క తేలిపోతాయి. ఆ తర్వాత ‘మనవాళ్లతో కలుస్తాడు’ అన్న తీర్పు వస్తుంది. దానికి టీమ్ ఫిట్ అని పేరు పెడతారు. ఇది తప్పు, నష్టం కూడా. మిల్లులోనో వార్డులోనో పదిమందీ ఒకే ఊరి బంధువులైతే ఒకరి తప్పు ఒకరు కప్పుకుంటారు. ఒకరు అలిగితే ముగ్గురు మానేస్తారు. బయటినుంచి వచ్చిన మనిషికి ఎవరూ పని చెప్పరు. ఊరు, ఇంటిపేరు తెలుసుకోవాల్సిన అవసరం అప్లికేషన్ ఫారంతో తీరిపోతుంది, ఇంటర్వ్యూ గదిలో ఆ ప్రశ్నలు అక్కర్లేదు. ఆడవాళ్లను ‘పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు’ అని అడగడమూ అంతే. నియామకంలో ఆడ మగ తేడా చూపడం 1976 నాటి సమాన వేతన చట్టం నుంచే నిషేధం, 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నిషేధం ఉంది. తెలుసుకోవాల్సింది నైట్ షిఫ్టు సంగతైతే దాన్నే అడగండి: ‘నెలలో ఒక వారం నైట్ ఉంటుంది, వస్తారా?’ మగవాళ్లనూ అదే మాట అడగండి.

పర్సనాలిటీ టెస్ట్‌కు ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. ఎక్కువగా అంటగట్టేది నాలుగు అక్షరాల్లో మనిషిని చెప్పే ఎంబీటీఐ రకం. మనుషులను 16 గదుల్లో పెట్టే ఆ టెస్ట్‌ను నియామకాలకు వాడొద్దని దాన్ని తయారుచేసి అమ్మే సంస్థే చెప్తుంది. రెండోది డిస్క్ రకం. దాని మూలం విలియం మార్‌స్టన్ 1928లో రాసిన సిద్ధాంతం. నాలుగు మాటలిచ్చి మీకు బాగా సరిపోయేది ఒకటి, అసలు సరిపోనిది ఒకటి ఎంచుకోమంటారు. అందువల్ల ఒకే మనిషిలో ఏ గుణం ఎక్కువో తెలుస్తుంది తప్ప ఇద్దరు అభ్యర్థులను పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికిరాదు. నియామకంలో అసలు కావాల్సింది ఆ పోలికే కదా. పైగా ఇవన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివిన ఐటీఐ కుర్రాడు ‘ఇతరుల మీద నాకు అరుదుగా విసుగు రాదు’ అన్న తరహా మెలిక వాక్యాన్ని తప్పుగా చదివి, లేని కోపం తెచ్చుకుని మార్కులు పోగొట్టుకుంటాడు. తెలుగు అనువాదం ఉందంటే, దాన్ని తెలుగువాళ్ల మీద పరీక్షించిన కాగితం చూపించమని అడగండి.

కెమెరాలో ముఖం చూసి కంప్యూటరే మార్కులేస్తుందని చెప్పే కొత్త సరుకు కూడా వస్తోంది. ఈ రంగంలో పెద్ద పేరున్న హైర్‌వ్యూ సంస్థ ముఖ కవళికల విశ్లేషణను ఆపేస్తున్నట్టు 2021లోనే ప్రకటించింది. యూరప్‌లో 2024 నాటి ఏఐ చట్టం పనిచోట్ల భావోద్వేగాలను అలా పసిగట్టడాన్నే నిషేధించింది. దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఫోన్ సిగ్నల్ తెగి ముఖం నిలిచిపోతే ఆ మనిషికి ‘ఉత్సాహం తక్కువ’ అని మార్కు పడడం ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు.

మరి టీమ్‌ను చెడగొట్టేది ఏది? విల్ ఫెల్ప్స్, టెరెన్స్ మిచెల్, ఎలీజా బైయింగ్టన్ అనే పరిశోధకులు 2006లో దీన్ని మూడు రకాలుగా విడదీశారు. తన వంతు పని ఎగ్గొట్టేవాడు, ఎప్పుడూ ఏడుపుముఖంతో ఉండి అందరినీ కుంగదీసేవాడు, తోటివాళ్లను కించపరిచేవాడు. టీమ్ చిన్నదై, పని ఒకరి చేతినుంచి ఒకరి చేతికి పోయేదైతే ఒక్క మనిషి చాలు. మైకేల్ హౌస్‌మన్, డిలన్ మైనర్ అనే ఇంకో ఇద్దరు పరిశోధకులు 2015లో 11 కంపెనీల్లోని 50,000 మందికి పైగా ఉద్యోగుల వివరాలు చూసి, అలాంటి ఒక్కరిని రాకుండా ఆపితే కలిగే లాభం, అత్యుత్తమంగా పనిచేసే ఒక శాతంలోని మనిషిని తెచ్చుకుంటే కలిగే లాభానికి దాదాపు రెట్టింపు అని తేల్చారు. వాళ్లకే ఇంకో సంగతి కనబడింది. ‘నియమాలు ఎప్పుడూ పాటించాల్సిందే’ అని పరీక్షలో టిక్ పెట్టినవాళ్లే తర్వాత నియమాలు మీరి ఉద్యోగం పోగొట్టుకోవడం ఎక్కువ. అంటే నోటితో చెప్పే నీతిని నమ్మి లాభం లేదు. జరిగినది అడగాలి.

జరిగినది అడగడానికి ముందు ఒక గంట మీ టీమ్‌తో కూర్చోవాలి. మనస్తత్వవేత్త జాన్ ఫ్లానగన్ 1954లో వివరించిన పద్ధతి ఇది, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి రెండే అడగండి: గత ఏడాదిలో తోటివాళ్లు ఎవరైనా చేసిన ఏ పని మిమ్మల్ని బాగా ఆదుకుంది, ఏ పని బాగా ఇబ్బంది పెట్టింది? పేర్లు వద్దు, పని చాలు. ఐదారుగురు చెప్పేసరికి అవే నాలుగు విషయాలు మళ్లీ మళ్లీ వస్తాయి. రైస్ మిల్లులో అయితే డ్రయ్యర్ దగ్గర వడ్లు సరిగ్గా ఆరకపోతే మిల్లింగ్‌లో నూక పెరగడం, నింద మాత్రం మిల్లు ఆపరేటర్ మీద పడడం. ఫార్మాలో అయితే రాత్రి కంప్రెషన్ మెషిన్ మీద టాబ్లెట్ బరువు అటూ ఇటూ అయిన సంగతి పొద్దున షిఫ్టుకు చెప్పకపోవడం. ఆసుపత్రిలో అయితే డ్యూటీ మారేటప్పుడు మందు మారిన విషయం నోటితో చెప్పి చార్టులో రాయకపోవడం. ఆ నాలుగే మీ ప్రశ్నలు. నాలుగుకు మించొద్దు. ఒక్కో ప్రశ్న లోతుగా పోవాలంటే 10 నిమిషాలు పడుతుంది, ముప్పావు గంటలో అంతకంటే పట్టదు.

ప్రశ్న ఇలా ఉండాలి: ‘మీ షిఫ్టు అయిపోయేసరికి పని సగంలో ఉండి, తర్వాతి షిఫ్టుకు అప్పజెప్పిన రోజు ఒకటి చెప్పండి.’ ‘అలా జరిగితే మీరేం చేస్తారు?’ అని అడిగితే అందరూ పుస్తకంలో ఉన్నదే చెప్తారు. కాబట్టి జరిగిన రోజునే పట్టుకోవాలి. ఆ రోజు ఎవరున్నారు, మీరేమన్నారు, ఆయనేమన్నారు, చివరికి ఏమైంది, తర్వాతి నుంచి ఏం మార్చుకున్నారు? ‘మేం అట్ల చేసినం’ అని చెప్తుంటే మధ్యలో ఆపి, అందులో మీ చేతి పని ఏదని అడగండి. మర్యాద కొద్దీ తన పేరు చెప్పుకోనివాళ్లు ఉంటారు, ఏమీ చేయక పదిమంది వెనక నిలబడేవాళ్లూ ఉంటారు. ఆ ఒక్క ప్రశ్నతో ఇద్దరూ విడిపోతారు.

మార్కుల కొలత ముందే రాసి పెట్టుకోవాలి, అదీ మనవాళ్లు మాట్లాడే మాటల్లోనే. షిఫ్టు అప్పగింత ప్రశ్నకైతే ‘లాగ్‌బుక్కుల రాసి పోయిన సార్, మిగిలింది వాళ్లు చూసుకోవాలె’ అన్నది 1. ‘రాసిన, నోటితో గూడ చెప్పిన’ అన్నది 3. ‘ఆయన వచ్చేదాంక ఉండి మెషిన్ దగ్గర చూపెట్టిన, ఏం సమజైందో మళ్ల చెప్పమన్న, ఇంటికి పోయినంక ఫోన్ చేసి అడిగిన’ అన్నది 5. కొలత ఇలా ఉంటే ఇంగ్లిష్ తడుముకునే కుర్రాడికి, గలగలా మాట్లాడే కుర్రాడికి తేడా లేకుండా పని మీదే మార్కు పడుతుంది. ఇంగ్లిష్ ఆ ఉద్యోగానికి నిజంగా కావాలంటే దానికి వేరే పరీక్ష పెట్టండి, ఇందులో కలపొద్దు.

మిగతా మూడు ప్రశ్నలు మీ టీమ్ చెప్పినదాన్ని బట్టి మారతాయి కానీ, ఎక్కువ చోట్ల పనికొచ్చేవి ఇవి. పక్కనున్నవారి తప్పు మీ కంటపడిన సందర్భం చెప్పమనండి. ఫార్మాలో ఈ జవాబుకు చాలా విలువ. తప్పును కప్పేసినా, అందరిముందు అల్లరి చేసినా రెండూ ప్రమాదమే. ముందు ఆ మనిషికి చెప్పి, అప్పుడే డీవియేషన్, అంటే పద్ధతి తప్పిన సంగతి, రికార్డులో రాయించినవాళ్లు కావాలి. పైవాళ్ల మాట సరికాదనిపించిన రోజు ఏం చేశారో అడగండి. ‘నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు సార్’ అని చాలామంది అంటారు. మన దగ్గర పెద్దవాళ్ల ముందు అలా అనడం పద్ధతి కాబట్టి వెంటనే 1 వేయొద్దు. ‘ఎదురు చెప్పడం కాదు, మీకు అనుమానం వచ్చి అడిగిన సందర్భం’ అని మార్చి అడిగితే సగం మందికి గుర్తొస్తుంది. చివరగా, కొత్తగా వచ్చినవారికి పని నేర్పిన సంగతి. ఎన్ని రోజులు నేర్పారు, వాళ్లు దేని దగ్గర ఆగిపోయారు, ఇప్పుడు ఒంటరిగా చేస్తున్నారా? నేర్పినవాళ్లకు ఆ ఆగిపోయిన చోటు ఠక్కున గుర్తొస్తుంది. నేర్పనివాళ్లు ‘అన్నీ చెప్పిన సార్’ దగ్గరే ఉంటారు.

పాలమూరు యూనివర్సిటీ నుంచో, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ నుంచో అప్పుడే బయటికొచ్చిన పిల్లలకు షిఫ్టులు, సూపర్‌వైజర్లు ఉండరు. వాళ్లను ‘ఉద్యోగంలో’ అని అడిగితే నోరు మెదపరు. నలుగురు కలిసి చేసిన ఏ పనైనా అడగండి. కాలేజీ ప్రాజెక్టు, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, హాస్టల్ మెస్ కమిటీ, ఊర్లో పండగ చందాల లెక్క, ఇంట్లో పెళ్లి పనులు, పొలం పనులు. చందా ఇస్తానని ఇవ్వనివాళ్లతో ఎలా మాట్లాడారు, లెక్కలో తేడా వచ్చినప్పుడు ఎవరు బాధ్యత తీసుకున్నారు అన్న జవాబుల్లో ఆఫీసు అనుభవంలో దొరికేంత సమాచారం దొరుకుతుంది. ఏది చెప్పాలో మాత్రం అభ్యర్థికే వదిలేయండి. పండగ కమిటీ అందరికీ ఉండదు, ఆడపిల్లలను చాలాచోట్ల అందులోకి రానివ్వరు కూడా.

అడిగేవాళ్లు ముగ్గురు చాలు: పై సూపర్‌వైజర్, పక్కన పనిచేయబోయే మనిషి, ఆ పని ఎవరి చేతికి పోతుందో ఆ సెక్షన్ మనిషి. ఐదుగురు కూర్చుంటే అది విచారణ అవుతుంది, అభ్యర్థి ముడుచుకుపోతాడు. పక్కన పనిచేసే మనిషికి ఒక భయం ఉంటుంది, వచ్చేవాడు తనను మించిపోతాడేమోనని. అందుకే మొత్తం తీర్పు ఆయన చేతిలో పెట్టకుండా రెండు ప్రశ్నలు ఇవ్వండి. ముగ్గురూ మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్లు రాసి కాగితం మడవాలి. ఆ తర్వాత చర్చ, అందులో సూపర్‌వైజర్ ఆఖరున మాట్లాడాలి. ఈ చిన్న నియమం తప్పితే మిగతా ఇద్దరూ ‘అవును సార్’ అంటారు, మీరు ముగ్గురితో చేసిన ఇంటర్వ్యూ ఒక్కరితో చేసినట్టే అవుతుంది. మార్కుల్లో 2 కంటే ఎక్కువ తేడా వస్తే సగటు తీయకండి. ఏ మాట విని ఆ మార్కు వేశారో చదివి చూసుకోండి.

మాటలతో తేలనిది పనిలో తేలుతుంది. దేనికి ఏది కుదురుతుందో తెలిసి పెట్టాలి. ఆసుపత్రిలో అయితే కల్పిత రోగి చార్టు ఒకటి ఇచ్చి, 10 నిమిషాలు చదువుకోనిచ్చి, మీ స్టాఫ్ నర్సుకు డ్యూటీ అప్పగించమనండి. ఎస్‌బార్ క్రమంలో, అంటే ఇప్పటి పరిస్థితి, వెనకటి చరిత్ర, తన అంచనా, చేయాల్సింది వరసగా చెప్తుందా చూడండి. మధ్యలో మీ నర్సు ఒక తప్పు తిరిగి చెప్పాలి, ‘బీపీ మందు పొద్దున ఇచ్చారన్నమాట’ అని. ఆపి సరిదిద్దుతుందా, మొహమాటపడి ఊరుకుంటుందా అన్నదే అసలు పరీక్ష. ఫార్మాలో శిక్షణ, వైద్య పరీక్ష లేకుండా ప్రొడక్షన్ ఏరియాలోకి పంపకూడదు. కాబట్టి పేర్లు కొట్టేసిన పాత బ్యాచ్ రికార్డు (మందు తయారీ వివరాలు రాసే పుస్తకం) పేజీ ఇచ్చి గదిలోనే షిఫ్టు అప్పగింత చేయించండి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మీ మనిషితో కలిసి ఒక గంట ఒకే కంప్యూటర్ దగ్గర ఒక బగ్ సరిచేయమనండి. బగ్ దొరకకపోయినా ఫరవాలేదు, చిక్కుకున్నప్పుడు నోరు తెరిచి అడుగుతాడా అన్నది చూడండి. మిల్లులో ఒక రోజు ట్రయల్ పెడతారు. అందులో తప్పు జరిగేది ఎక్కడంటే, ఈఎస్‌ఐ బీమా లేని మనిషి చేత మెషిన్ ముట్టించడం. చూడనివ్వండి, ప్రశ్నలు అడగనివ్వండి, చేయి పెట్టనివ్వొద్దు. ఆ రోజు కూలి, బస్ చార్జీ ఇచ్చి పంపండి. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఇంటర్వ్యూ పొద్దున 9 గంటలకు పెట్టి, బస్సు ఆలస్యమైతే క్రమశిక్షణ లేదని రాసుకోవడం సరికాదు. 11 తర్వాత పెట్టండి.

ప్యాకేజీలోని ఫోన్ కాల్స్ విషయానికొస్తే, కన్సల్టెన్సీ మాట్లాడేది పాత కంపెనీ హెచ్‌ఆర్‌తో. వాళ్లు చేరిన తేదీ, మానేసిన తేదీ తప్ప ఏమీ చెప్పరు. ఆ తేదీలైతే అభ్యర్థి ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్) ఖాతా సర్వీస్ హిస్టరీలోనే కనబడతాయి. టీమ్ సంగతి తెలియాలంటే అభ్యర్థి దగ్గర షిఫ్టు అందుకున్న మనిషిని ఒకరిని, కింద పనిచేసినవారిని ఒకరిని అడిగి నంబర్లు తీసుకోవాలి. ‘ఎలాంటివారు?’ అని అడిగితే మంచివారనే అంటారు. ‘ఆయనతో పని బాగా సాగాలంటే మేం ఏం చూసుకోవాలి?’ అని అడిగితే నిజం మెల్లగా బయటికొస్తుంది. ఇప్పుడు పనిచేస్తున్న చోటికి మాత్రం అభ్యర్థి ఒప్పుకోనిదే ఫోన్ చేయొద్దు. మిర్యాలగూడలో ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లుకు మాట పాకడానికి గంట పట్టదు, ఉన్న ఉద్యోగం పోతుంది. జీతం బకాయి అడిగినందుకే ‘గొడవ మనిషి’ అని పేరు పడ్డవాళ్లు ఉంటారు. ఒక్క యజమాని మాట మీద అలాంటివారిని కొట్టేయకండి, గొడవ దేనికో అడగండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక, అనుమతి కాగితం మీద తీసుకోవడం మీకూ మంచిదే.

ఇన్ని చెప్పాక కన్సల్టెన్సీ దండగ అనుకోవద్దు. ఒక పోస్టుకు 300 రెజ్యూమెలు వస్తే వడకట్టడం, నకిలీ సర్టిఫికెట్లు పట్టుకోవడం, అభ్యర్థులతో సమయాలు కుదర్చడం వాళ్లు బాగా చేస్తారు. జిల్లా ఉపాధి కార్యాలయం జాబ్ మేళాలు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పోర్టల్ ‘డీట్’, కాలేజీల్లో ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ ‘టాస్క్’ ద్వారా దొరికే అభ్యర్థులు ఉచితం. కానీ మేళాలో మనిషికి ఐదు నిమిషాలే దొరుకుతాయి. అక్కడ ఎంపిక చేసేయకండి, పేర్లు రాసుకుని ఇంటర్వ్యూకు విడిగా పిలవండి.

కన్సల్టెన్సీతో ఒప్పందం రాసుకునేటప్పుడు మార్చమని అడగాల్సినవి ఉన్నాయి. టీమ్ ఫిట్ భాగం, టెస్ట్ తీసేసి ఫీజు తగ్గించమనండి. ఫీజు సగం చేరినప్పుడు, సగం 90 రోజులకు అని రాయించండి. మనిషి నిలవకపోతే డబ్బు లేకుండా ఇంకొకరిని పంపే గడువు మామూలుగా 60 లేదా 90 రోజులు ఇస్తారు. కొత్తవాళ్లు మొదటి మూడు నెలలు ఒద్దికగా ఉంటారు కాబట్టి టీమ్ గొడవలు బయటపడేసరికి ఆ గడువు అయిపోతుంది. ప్రొబేషన్ 6 నెలలైతే గడువు కూడా 180 రోజులు ఉండాలి. ఆ షరతులో ఇంకో మెలిక ఉంటుంది, చదివి చూడండి: అభ్యర్థి తానే మానేస్తేనే వర్తిస్తుంది, మీరు తీసేస్తే వర్తించదని కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. రిపోర్ట్ తప్పదంటే ప్రతి మార్కు పక్కన అభ్యర్థి చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాయాలన్న షరతు పెట్టండి.

మీ సొంత ఇంటర్వ్యూ మార్కుల కాగితాలను పారేయకండి. మనిషి చేరిన 30వ రోజున, 90వ రోజున అదే టీమ్‌ను అవే నాలుగు విషయాల మీద మళ్లీ మార్కులు వేయమనండి, అదే 1 నుంచి 5 కొలతతో. పది పన్నెండు మంది చేరేసరికి ఏ ప్రశ్నకు ఇచ్చిన మార్కు పనిలో నిజమైందో, ఏది కాలేదో పక్కపక్కన పెడితే కనబడుతుంది. నిజం కాని ప్రశ్నను తీసేసి, టీమ్‌ను మళ్లీ కూర్చోబెట్టి ఇంకొకటి రాసుకోండి.